బావి నుండి బండి వరకు: కరిసల్ సీమలో చిన్న విద్యుత్ యంత్రముల చరిత్ర

తమిళనాట కోవిల్‌పట్టికి తూర్పున, విళాత్తికుళం తాలూకాయందు నాగలాపురము కలదు. ఇచ్చటి నేల నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ అందురు. పత్తి, సజ్జ, మిరప, పప్పుధాన్యములు ఈ సీమ పంటలు. వాన కురిసిన పంట పండును. కురియనిచో చెరువో బావియో దిక్కు. విజయనగర, నాయకరాజుల కాలముల యందు వలసవచ్చి కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము ఈ నేలనే నమ్ముకొని బ్రదికినవి. చిన్న విద్యుత్ వాహనముల చరిత్రను సామాన్యముగా రోడ్డుమీద ఆరంభింతురు. దక్షిణాదిలోని తెలుగువారి విషయమున మాత్రము ఆ చరిత్ర బావిగట్టున ఆరంభమైనదనుట సమంజసము.

కరంటు రాకపూర్వము బావినీరు తోడునది మోట. రెండెద్దులు, తోలుబాన, మోకు, గిలక, ఏటవాలు బాట: ఇంతియే దాని సామగ్రి. ఎద్దులు పల్లమునకు నడచునపుడు బాన పైకి వచ్చును. అవి వెనుకకు మరలునపుడు బాన బావిలోనికి దిగును. బరువెంత, వేగమెంత, ఎంతసేపు లాగవలెను అను మూడు ప్రశ్నలకు రైతు తన ఎద్దుల జతను చూచియే సమాధానము చెప్పెడివాడు. నేటి ఇంజనీరు మోటారును ఎన్నుకొనుటకు ముందు వేసికొను ప్రశ్నలును ఇవియే.

నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రము 1932లో పనిచేయ నారంభించెను. మేట్టూరు 1937లోను, తామ్రపర్ణిపై పాపనాశము 1944లోను దానిని అనుసరించినవి. కరంటు వచ్చినది గాని మోటార్లు విదేశములనుండి రావలసి యుండెను. ఆ కొరతను తీర్చుటకు పూనుకొన్నవారిలో తెలుగువారు ముందు నిలిచిరి. కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామములో 1893లో జన్మించిన జి. డి. నాయుడు, 1920లో ఒక్క బస్సును పొల్లాచ్చి, పళని మధ్య నడిపి రవాణా వ్యాపారమున ప్రవేశించిరి. ఆయనయు, డి. బాలసుందరం నాయుడును కలిసి 1937లో పీళమేడునందు తయారుచేసిన మోటారు భారతదేశమున నిర్మితమైన మొదటి విద్యుత్ మోటారుగా ప్రసిద్ధి చెందెను. తరువాతి దశాబ్దములలో కోయంబత్తూరు పంపులకును మోటార్లకును పుట్టినిల్లయినది.

బావికి అమరిన మోటారు మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు. 50 సైకిళ్ల కరంటుపై, 4 ధ్రువములు గల మోటారు నిమిషమునకు సుమారు 1,440 చుట్లు తిరుగును. మోటారు ఆరంభమగునపుడు కరంటును సాధారణముగా పూర్తి బరువుమీద తీసికొనుదానికి ఆరు రెట్లవరకు లాగును. అందుచేతనే స్టార్-డెల్టా స్టార్టరు అవసరమైనది. ఈ స్టార్టరు ఆరంభపు కరంటును మూడవ వంతునకు తగ్గించును, కాని తిప్పు బలమును కూడ అంతే తగ్గించును. అయినను పంపునకు చిక్కులేదు. ఏలయన పంపు భారము వేగముయొక్క వర్గముతో పెరుగును, మొదట స్వల్పము. 5 గుర్రపుశక్తి మోటారు, నూటికి 60 పాళ్లు పనిచేయు పంపుతో, 20 మీటర్ల లోతునుండి సెకనుకు సుమారు 11 లీటర్ల నీరు తోడగలదు.

లెక్క ఇట్లుండ, వాస్తవము వేరు. ఊరి చివరి తీగలో వోల్టేజి 20 పాళ్లు తగ్గినచో మోటారు బలము 20 పాళ్లే తగ్గదు. వర్గసూత్రము ననుసరించి 100కు 64 పాళ్లే మిగులును. మోటారు మూలుగును, తీగచుట్లు కాలును. ఇడైసెవల్ గ్రామమున తెలుగు కుటుంబములో జన్మించిన తమిళ కథకుడు కి. రాజనారాయణన్ ‘కరంట్’ అను కథయందు కరంటుకై రైతు పడు పాట్లను చిత్రించిరి; అది 1992లో హిందీ చలనచిత్రమైనది. కరంటు ధరయు రైతును బాధించెను. యూనిట్టుకు 1 పైస తగ్గింపు కోరి సాగిన ఆందోళనలో 1970 జూన్ 19న పెరుమానల్లూరు వద్ద ముగ్గురు రైతులు పోలీసు కాల్పులకు బలియైరి. 1972లో ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీథులను నింపినవి. ఆ రైతు ఉద్యమమునకు నాయకుడైన సి. నారాయణస్వామి నాయుడు 1984 డిసెంబరులో కోవిల్‌పట్టియందే కన్నుమూసిరి. మోటారు మంచిదైనంత మాత్రమున చాలదనియు, దానికి అందు కరంటును, దానిని కొనువాని స్థోమతయు రూపకల్పనలో భాగములే అనియు ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఇక బండి మాట. 1,000 కిలోల మొత్తపు బరువుగల చిన్న సరకుబండిని గంటకు 18 కిలోమీటర్ల వేగమున సమతలమున నడుపుటకు చక్రములకు సుమారు 1 గుర్రపుశక్తి చాలును. పదింటికొకటి ఎత్తుగల వాలు ఎక్కవలసి వచ్చినచో అదే వేగమునకు ఏడున్నర గుర్రపుశక్తి కావలెను. పంపువలె బండి మొదట తేలికగా కదలదు. నిలిచినచోటనే మిక్కిలి బలము కోరును. ఈ గుణము డి.సి. సిరీస్ మోటారునకు సహజముగా కలదు. అందువలననే పూర్వపు బ్యాటరీబండ్లు దానిని ఆశ్రయించినవి. కరంటు ఫ్రీక్వెన్సీని, వోల్టేజిని కోరినట్లు మార్చగల ఇన్వర్టరులు వచ్చిన పిమ్మట ఇండక్షన్ మోటారు కూడ బండికి తగినదాయెను. మరియొక భేదము: బావికి తీగ కలదు, బండికి బ్యాటరీయే సర్వస్వము. 1990 నుండి తమిళనాట సేద్యపు పంపులకు కరంటు ఉచితమగుటచే అచ్చట వృథాయైన శక్తి రైతు లెక్కలోనికి రాదు. బండిలోనో, వృథాయైన ప్రతి యూనిట్టు అది నడువగల దూరములో తరుగుగా వెంటనే కనబడును.

2001లో బెంగుళూరు రేవా కారును, 2008లో కోయంబత్తూరు ఆంపియర్ సంస్థను చూచినవి. నాగలాపురము ఉన్న తూత్తుకుడి జిల్లాలోనే విన్‌ఫాస్ట్ విద్యుత్ కార్ల కర్మాగారము 2025 ఆగస్టులో ప్రారంభమైనది. పెద్ద కర్మాగారములు కార్లను చేయుగాక. కరిసల్ నేలలో పత్తిమూటను, నీటిపీపాను మోయు చిన్నబండికి వలయునది వేరు. వానకాలమున అంటుకొను రేగడిలో చక్రము కదలవలెను, పల్లెలోని పనివాడు దానిని బాగుచేయగలుగవలెను, తగ్గిన వోల్టేజిలోను బ్యాటరీ నిండవలెను. ఈ మూడింటిని ఎరిగినవారు కాలిన మోటారునకు మరల తీగచుట్టిన ముదుసలి మెకానిక్కులును, మోట తోలి పిమ్మట స్టార్టరు నొక్కిన రైతులును. వారి అనుభవమును, వారు బావిగట్టున వాడిన తెలుగు మాటలను వారుండగనే వ్రాసి భద్రపరచుట తెలుగు సంఘముల విధి.