ఆల్చిప్ప సాక్ష్యం

తీరజలాల కాలుష్యాన్ని కొలవాలంటే ఆల్చిప్పలను పరీక్షించాలని 1975లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ప్రతిపాదించాడు. రాతిని కరచుకొని కదలకుండా ఉండే ఆ జీవి నీటిని మొప్పల గుండా వడకట్టి ఆహారం తీసుకుంటుంది. నీటిలో ఉన్నది దాని ఒంట్లో పేరుకుంటుంది. అబద్ధమాడని సాక్షి. భారలోహాలు, పురుగుమందులు, చమురు, అణుధార్మిక పదార్థాలు ఆనాటి విచారణలో చేరాయి. మనిషి మింగే మందులు చేరలేదు.

అంతకు ఏడాది ముందే, 1974లో, భారత పార్లమెంటు జల కాలుష్య నివారణ చట్టాన్ని ఆమోదించింది. దానికి రెండేళ్ల ముందు అమలులోకి వచ్చిన పేటెంటు చట్టం మందు మీద కాక, దాని తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కునిచ్చింది. చవకమందుల పరిశ్రమకు ఊపిరి పోసింది అదే. పేదదేశాల రోగులకు అది చేసిన మేలును తక్కువచేసి మాట్లాడటం అన్యాయం. కానీ ఆ మేలుకు మూల్యం చెల్లించినవారిలో పటాన్‌చెరు రైతులున్నారు. వారి వాగుల కాలుష్యంపై వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడినుంచి హైకోర్టుకు, ఆపై హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది.

2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించిన అంకెలు ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశాయి. పటాన్‌చెరులో సుమారు 90 కర్మాగారాల వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడుతున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. రోజుకు దాదాపు 45 కిలోలు! స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మోతాదు అది. శుద్ధి అయిన నీరే అది అన్నది గమనించాలి. ఆ వాగుల దారి నక్కవాగు, మంజీర, గోదావరి, చివరకు బంగాళాఖాతం.

సముద్రజీవుల సంగతి పరిశోధనశాలల్లో నెమ్మదిగా బయటపడింది. ఆల్చిప్పల జాతిలో గుడ్లు, వీర్యం విడుదలకు సంకేతమిచ్చేది సెరటోనిన్. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు సరిగ్గా ఆ రసాయనం మీదే పనిచేస్తాయి. అవి అతిస్వల్ప మోతాదులోనే మంచినీటి ఆల్చిప్పల చేత అకాలంగా గుడ్లు విడిపించగలవని 1998లో తేలింది. నొప్పుల మాత్ర డైక్లోఫెనాక్ కూడా అమాయకమైనది కాదు: బాల్టిక్ సముద్రపు ఆల్చిప్పలపై 2010లో ప్రచురితమైన ప్రయోగంలో, రాతిని పట్టి ఉంచే దారాలు బలహీనపడ్డాయి. పట్టు తప్పిన ఆల్చిప్ప అలకు కొట్టుకుపోతుంది. ఇదే మందు పశువుల ద్వారా మన రాబందులను దాదాపు తుడిచిపెట్టాకే, 2006లో, పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

ఈలోగా కర్మాగారాలు తీరానికే తరలివచ్చాయి. విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీ వ్యర్థజలాలు శుద్ధి తరువాత గొట్టం గుండా నేరుగా సముద్రంలో కలుస్తాయి.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ తొలిసారి ఒక ముసాయిదా ప్రకటించి, ఔషధ కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు సూచించింది. 2021 ఆగస్టులో వెలువడిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.