అతికించిన మీసాల ఫిన్లేసన్

లారెల్, హార్డీ అనగానే ఒక బక్కాయన, ఒక బొద్దాయన కళ్లముందు నిలబడతారు. రేలంగి, రమణారెడ్డి ఒకే ఫ్రేములో కనబడితే ఆ జంటతో పోల్చి మురిసిపోయిన తరం మనది. అయితే వాళ్ల సినిమాలు నాలుగైదు చూసినవాళ్లకు ఇంకో మొహం కూడా పరిచయమే. బట్టతల, గుబురు మీసం, ఒక కన్ను చికిలించి రెండో కంటితో ఎదుటివాణ్ణి నమిలేసేలా చూసే చూపు. పేరు జేమ్స్ ఫిన్లేసన్. ఆ జంటతో 33 సినిమాల్లో కనిపించాడు. వాటిలో చాలామట్టుకు అతని పని ఒక్కటే, కోపం తెచ్చుకోవడం.

స్కాట్లండ్‌లో ఫాల్‌కర్క్ దగ్గరి లార్బర్ట్‌లో 1887 ఆగస్టు 27న పుట్టాడు. ఆ చుట్టుపక్కలంతా ఇనుప పోత కార్ఖానాలు. ఇంటివాళ్లదీ ఆ పనే. కుర్రాడికి మాత్రం నాటకాల పిచ్చి పట్టింది. అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లి, ‘బంటీ పుల్స్ ద స్ట్రింగ్స్’ అనే స్కాటిష్ హాస్యనాటకంలో వేషం కట్టి ఊళ్లూళ్లూ తిరిగాడు. 1916 ప్రాంతంలో హాలీవుడ్ చేరేసరికి వయసు ముప్ఫైకి దగ్గరపడింది. నటనలో అప్పటికే చేయి తిరిగినవాడు. రంగస్థలం మీద గొంతు సాధకం చేసినవాడు. మూకీల కాలంలో ఆ గొంతుతో ఎవరికీ పనిపడలేదు, పదేళ్లు పోయాక పడింది.

హాస్యంలో అతనికి బడి, హాస్య సినిమాలు తీసే మాక్ సెనెట్ కంపెనీ. అక్కడ ఒక్కో సినిమాలో పదిమంది పరిగెత్తుతారు, ఇరవైమంది పడిపోతారు. ఆ గందరగోళంలో నీ మొహం ప్రేక్షకుడికి గుర్తుండాలంటే ఒకటే ఉపాయం, దూరం నుంచి కూడా కనబడే ఒక గుర్తు. అందుకే ఆ రోజుల్లో హాస్యనటులు ఒక్కొక్కరూ ఒక్కో మీసం అతికించుకునేవారు. చాప్లిన్‌ది బ్రష్షు ముక్క, చెస్టర్ కాంక్లిన్‌ది వాల్రస్ మీసం. ఫిన్లేసన్ మీసం కూడా అతికించిందే. మామూలుగా మీసం లేకుండానే ఉండేవాడు. చాలామందికి ఆ మీసం తీసేస్తే ఏమీ మిగలదు. ఇతనికి కన్ను, కనుబొమ, మెడ మిగిలాయి. మీసం వాటికి తోడు మాత్రమే.

1923లో కల్వర్ సిటీలోని హాల్ రోచ్ స్టూడియోకి మారాడు. సెనెట్ దగ్గర వేగం ఎక్కువ, రోచ్ దగ్గర నింపాది ఎక్కువ. ఒక చిన్న తగాదా ఎలా మొదలై ఎలా ముదిరిందో ప్రేక్షకుడికి పూసగుచ్చినట్టు చూపించడానికి అక్కడ తీరిక ఉండేది. ఫిన్లేసన్ నటనకు కావలసింది సరిగ్గా అదే. అప్పటికింకా లారెల్‌కు హార్డీ జంట కాలేదు. ‘ది సాయిలర్స్’ అనే పేరడీలో లారెల్‌కు ప్రతినాయకుడు ఫిన్లేసనే. ఇద్దరూ కలబడి కొట్టుకునే ఆ ఘట్టం చూస్తే, జోడీ వీళ్లిద్దరిదే అవుతుందని ఆనాటి ప్రేక్షకుడు పందెం కట్టినా ఆశ్చర్యం లేదు. స్టూడియో యజమాని రోచ్‌కు కూడా ఇతన్ని పెద్ద తారను చేయాలని ఉండేది. 1927లో ‘లవ్ ఎమ్ అండ్ వీప్’ తీశారు. పాత ప్రియురాలు వచ్చి బెదిరిస్తే ఇంట్లో భార్యకు తెలియకుండా నానా తంటాలు పడే వ్యాపారి కథ. వ్యాపారి ఫిన్లేసన్, అతని కింద పనిచేసే సహాయకుడు లారెల్. హార్డీకి దక్కింది ఎక్కడో ఒక మూల చిన్న వేషం. కొన్నాళ్లు ముగ్గురినీ ఒక జట్టుగా నడపాలని కూడా స్టూడియో చూసింది.

జట్టు నిలవలేదు. స్టూడియోలో సినిమాల పర్యవేక్షణ చూసే లియో మెకేరీ వంటివాళ్లు లారెల్, హార్డీల మధ్య ఉన్న లయను పసిగట్టారు. ముగ్గురి కథలో మూడోవాడు ఎక్కువైపోయాడు. ఫిన్లేసన్ కొద్దికాలం ఫస్ట్ నేషనల్ కంపెనీ సినిమాల్లో వేషాలు వేసి, 1928 చివర్లో మళ్లీ రోచ్ దగ్గరికే వచ్చాడు. పక్కవాడిగా వచ్చాడు. వచ్చీరాగానే చేసినవాటిలో ఒకటి అతని జీవితంలోకెల్లా గొప్ప సినిమా.

అదే ‘బిగ్ బిజినెస్’. రెండు రీళ్ల మూకీ. దర్శకుడు జేమ్స్ హోర్న్, పర్యవేక్షణ మెకేరీది, కెమెరా పట్టింది తర్వాత పేరున్న దర్శకుడైన జార్జ్ స్టీవెన్స్. లారెల్, హార్డీ ఎండలు కాసే కాలిఫోర్నియాలో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు. ఫిన్లేసన్ తలుపు తీసి వద్దంటాడు. తలుపు మూసేసరికి చెట్టు కొమ్మ ఇరుక్కుంటుంది. మళ్లీ గంట కొడతారు, మళ్లీ తీస్తాడు, మళ్లీ ఏదో ఇరుక్కుంటుంది. చివరికి లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి చెట్టును ముక్కలు చేస్తాడు. ఇక మొదలు. వాళ్లు అతని తలుపును చెక్కితే, ఇతను వాళ్ల ఫోర్డు కారు దీపాలు పీకుతాడు. వాళ్లు ఇంటి అద్దాలు పగలగొడితే, ఇతను కారును ఊడబీకుతాడు. లారెల్ లోపలినుంచి పూలకుండీలు విసురుతుంటే హార్డీ పారతో బంతులు కొట్టినట్టు కొడతాడు. పోలీసు వచ్చి, వాళ్లను ఆపకుండా, నోటు పుస్తకంలో తాపీగా రాసుకుంటూ కూర్చుంటాడు.

ఇందులో ఒక వింత నియమం ఉంది. ఒకరు విరగ్గొడుతుంటే రెండోవారు అడ్డుపడరు. నిలబడి చూస్తారు, తమ వంతు కోసం. ఈ పద్ధతి పండాలంటే చూస్తున్న మొహం పండాలి. విరగ్గొట్టే పని ఎవరైనా చేస్తారు, తన ఇల్లు కూలుతుంటే చూడటం అందరివల్లా కాదు. ఫిన్లేసన్ మొహంలో ముందు నమ్మలేకపోవడం, తర్వాత అవమానం, ఆ తర్వాత ‘ఉండండి మీ పని చెప్తాను’ అన్న లెక్క వరుసగా కనబడతాయి. మనం నవ్వేది ఆ లెక్కను చూసే. షూటింగ్‌కు తప్పు ఇంటికి వెళ్లి వేరేవాళ్ల ఇల్లు ధ్వంసం చేశారని హాల్ రోచ్ చాలాకాలం చెప్పుకున్నాడు. కథ బాగుంది కానీ మిగతావాళ్లు ఒప్పుకోలేదు. అయినా ఈ సినిమాకు అలాంటి కథ ఎందుకు? ఉన్నదే చాలు. 1992లో అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో దీన్ని చేర్చారు.

అతని మరో ఆయుధం రెండోసారి చూడటం. ఏదో చూస్తాడు, మామూలుగా మొహం తిప్పేసుకుంటాడు, అరక్షణం తర్వాత బుర్రకు ఎక్కి ఒక్క ఉదుటున వెనక్కి తిరుగుతాడు. ఈ డబుల్ టేక్ అతను కనిపెట్టింది కాదు. అయితే అతను అక్కడితో ఆగడు. తల వెనక్కి విరిచి, కన్ను చికిలించి, ఆ చూపును నెమ్మదిగా కరిగిస్తూ బయటికి వస్తాడు. కొందరికి ఇది అతిగా అనిపిస్తుంది. అతే, కాదనను. పక్కన హార్డీ నిదానం ఉండటంవల్లే ఆ అతి చెల్లింది.

టాకీలు వచ్చి చాలామంది మూకీ నటులను ఇంటికి పంపాయి. ఫిన్లేసన్‌ను పంపలేకపోయాయి. దెబ్బ తగిలినా, మోసపోయినా ‘డో...’ అని సాగదీసి మూలిగేవాడు. బూతు మాట నోటిదాకా వచ్చి మధ్యలో ఆగిపోయినట్టుండే ఆ మూలుగు దశాబ్దాల తర్వాత ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో హోమర్ నోట పలికింది. గొంతు ఇచ్చిన డాన్ కాస్టెల్లనెటా అది ఫిన్లేసన్ నుంచి తీసుకున్నదేనని చెప్పాడు. సాగదీస్తే కార్టూన్‌కు సమయం చాలదని పొట్టి చేశారు. 2001లో అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు కూడా ఎక్కింది.

1931లో ‘లవ్ ఎమ్ అండ్ వీప్’ కథనే ‘చికెన్స్ కమ్ హోమ్’ పేరుతో టాకీగా మళ్లీ తీశారు. బెదిరించే ప్రియురాలు అప్పుడూ ఇప్పుడూ మే బుష్షే. వ్యాపారి వేషం మాత్రం హార్డీకి వెళ్లింది. నాలుగేళ్ల కిందట అదే వేషం వేసిన ఫిన్లేసన్ ఇందులో బట్లర్. యజమాని గుట్టు తెలిసి, నోరు మూసుకున్నందుకు డబ్బు గుంజే నౌకరు. పోస్టరు మీద చూస్తే ఇది పతనమే. తెర మీద చూస్తే నాకు అలా అనిపించదు. వ్యాపారిగా అతను కష్టాలు పడే మనిషి, అలాంటివాళ్లు అప్పటి హాస్యంలో కోకొల్లలు. బట్లర్‌గా చేయి చాచి నిలబడి చూసే ఆ చూపు ఇంకెవరిదీ కాదు.

పెద్ద సినిమాల్లోనూ అతనికి చోటు దొరికింది. భారతదేశంలో బ్రిటిష్ పటాలం కథగా కాలిఫోర్నియాలో తీసిన ‘బానీ స్కాట్లండ్’లో సార్జెంట్ మేజర్ అతనే. పాత్ర పేరు కూడా ఫిన్లేసనే. 1937 నాటి ‘వే అవుట్ వెస్ట్’లో మిక్కీ ఫిన్ అనే సారా దుకాణం యజమాని. తన దగ్గర ఊడిగం చేసే అమ్మాయికి రావలసిన బంగారు గని పత్రాన్ని, ఆమె పేరుతో తన భార్యను నిలబెట్టి కొట్టేస్తాడు. ఆ పత్రం కోసం లారెల్, హార్డీ, ఈ దంపతులు నలుగురూ గదిలో చేసే పెనుగులాటలో అతను నిజంగానే దుర్మార్గుడు, అయినా నవ్వాగదు. 1940లో ‘సాప్స్ ఎట్ సీ’ వాళ్లతో చివరిది. అందులో హార్డీ నరాలు పరీక్షించే డాక్టరు, పేరు మళ్లీ ఫిన్లేసనే.

ఆ తర్వాత లారెల్, హార్డీ రోచ్‌ను వదిలి పెద్ద స్టూడియోలకు వెళ్లారు. తమతోపాటు పాత బృందాన్ని తీసుకెళ్లే అధికారం వాళ్లకు అక్కడ లేదు. నష్టం ఇరువైపులా. ఆ సినిమాల్లో వాళ్లకు ఎదురు నిలబడి ఇంత శ్రద్ధగా కోప్పడేవాడు లేడు. అవి చప్పగా ఉండటానికి ఇదొక కారణమని నా నమ్మకం. ఫిన్లేసన్‌కు మిగిలినవి ఒకటి రెండు నిమిషాల వేషాలు. 1951లో ‘రాయల్ వెడ్డింగ్’లో బండివాడిగా, టైటిల్స్‌లో పేరు లేకుండా కనిపిస్తాడు. 1953 అక్టోబర్ 9న లాస్ ఏంజెలస్‌లో చనిపోయాడు.

‘బిగ్ బిజినెస్’ మీద అమెరికాలో కాపీరైటు 2025 జనవరి 1తో తీరిపోయింది. ఇరవై నిమిషాలు కూడా పట్టదు, మాటలు లేవు కాబట్టి భాషతో పేచీ లేదు. చూసేటప్పుడు ఒకసారి కారునూ ఇంటినీ వదిలేసి, అతని మొహాన్నే చూడండి.