చిఱుకోతుల వంశవృక్షము

ఒక ప్రాణి యే కుటుంబమునకు చెందినదో తేల్చుట పండితులకు ప్రొద్దుపోక చేయు పని యని చాలమంది తలంతురు. ఆ నిర్ణయముమీద ఒక్కొక్కప్పుడు ఆ ప్రాణి బ్రదుకే ఆధారపడియుండునని ఈ ప్రసంగములో చూపదలచితిని. అందులకు దక్షిణ అమెరికా అడవులలోని చిఱుకోతుల చరిత్రను తీసికొనుచున్నాను. వీనిని మార్మొసెట్లనియు, టామరినులనియు వ్యవహరింతురు.

ముందుగా వీని రూపమును గూర్చి నాలుగు మాటలు. వీనిలో పెద్దవి సైతము కిలోగ్రాము తూగవు. అన్నిటికంటె చిన్నది నూఱు గ్రాములకు కొంచెము మించి తూగి, అరచేతిలో ఇముడును. కాలి బొటనవ్రేలికి మాత్రము చదునైన గోరుండును. తక్కిన వ్రేళ్లకన్నిటికిని ఉడుతకున్నట్లు వాడియైన గోళ్లుండును. ఆడుది సాధారణముగా కవలలను కనును. తండ్రియు, ముందుకాన్పు పిల్లలును ఆ పసికూనలను వీపున మోయుచు తిరుగును.

స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1758లో ప్రకటించిన 'సిస్టెమా నాటురే' పదవ కూర్పుతో వీని శాస్త్రీయచరిత్ర మొదలగుచున్నది. ఆయన కోతులనెల్ల 'సిమియా' అను ఒకే ప్రజాతిక్రింద చేర్చెను. అందు మూడు చిఱుకోతులు కలవు. చెవులకడ తెల్లని కుచ్చులు గలదానికి యాకస్ అనియు, పసిడివన్నె చేతులు గలదానికి, ముట్టినదెల్ల బంగారము చేసిన గ్రీకుకథలోని రాజు పేర, మిడాస్ అనియు, తలపై తెల్లని జుట్టు గలదానికి ఈడిపస్ అనియు నామకరణము చేసెను. ఈడిపస్ అనగా వాచిన పాదములవాడని అర్థము. ఆ కోతి పాదములకు వాపేమియు లేదు! పురాణములనుండి పేళ్లు ఏరుకొనుట ఆయనకు పరిపాటి.

తరువాతివారు ఆ పెద్ద మూటను విప్పి వేరుచేయసాగిరి. 1777లో ఎర్క్‌స్లేబెన్ 'కాలిత్రిక్స్' అను ప్రజాతిని ఏర్పఱచెను. అందమైన వెండ్రుకలు గలదని దాని భావము. 1807లో హోఫ్‌మన్సెగ్ 'సాగినస్' అను పేరును, 1811లో ఇల్లిగర్ 'హపాలె' అను పేరును తెచ్చిరి. ఇంతలో కాలిత్రిక్స్ అను పేరు దారితప్పి టిటీలనెడు వేఱొకరకపు కోతులకు అంటుకొనెను. అందుచేత పందొమ్మిదవ శతాబ్దములో చిఱుకోతులు హపాలె పేరనే చెలామణి యయ్యెను. 1903లో లండను బ్రిటిష్ మ్యూజియములోని ఓల్డ్‌ఫీల్డ్ థామస్ టిటీలకు 'కాలిసెబస్' అను క్రొత్త పేరిచ్చి, పాతపేరును సొంతదారులకు అప్పగించెను. ముందు పెట్టిన పేరే చెల్లవలెనను న్యాయము ఇట్లు నెగ్గినను, పుస్తకములలో హపాలె ఇంకను చాలకాలము నిలిచియుండెను.

పేళ్ల తగవు ఇట్లుండగా, పండ్ల తగవు వేఱొకటి బయలుదేరినది. మన దేశపు కోతులకు, మనుష్యులకువలెనే, 32 పండ్లు. అమెరికాలోని తక్కిన కోతులకు 36. ఈ చిఱుకోతులకును 32 పండ్లే యున్నవి. అంతమాత్రమున ఇవి మన కోతులకు చుట్టములు కావు. మన కోతులకు దవడలో ప్రతి ప్రక్కను ముందుదవడపండ్లు రెండు, వెనుకదవడపండ్లు మూడు; చిఱుకోతులకు ముందువి మూడు, వెనుకవి రెండు. లెక్క యొకటే యైనను కూర్పు వేఱు. చివరి దవడపన్ను వీనికి పోయినదన్నమాట.

వాడిగోళ్లు, చిన్న శరీరము చూచి, ఇవి కోతులలో అతిప్రాచీనములనియు, ఆదిమలక్షణములను ఇంకను విడువలేదనియు కొందఱు వాదించిరి. 1977లో వేయి పుటలకు మించిన గ్రంథమును ప్రకటించిన చికాగో పండితుడు ఫిలిప్ హెర్ష్‌కోవిట్స్ వారిలో ముఖ్యుడు. ఇవి పెద్దకోతులకు పుట్టి, క్రమముగా కుఱుచలై, గోళ్లు మరల వాడియై, పన్ను పోగొట్టుకొని, కవలలను కనుట నేర్చినవని ఇతరులు బదులు చెప్పిరి.

ఈ తగవునకు నడుమ నిలిచిన సాక్షి గోయెల్డీ కోతి. థామస్ 1904లో దీనిని హపాలెలో చేర్చెను. 1912లో బ్రెజిలు పండితుడు మిరాండా రిబైరో దీనికి 'కాలిమికో' అను ప్రత్యేక ప్రజాతిని కల్పించెను. దీనికి చిఱుకోతుల వాడిగోళ్లు కలవు. కాని పండ్లు 36, కాన్పునకు ఒక్కటే పిల్ల. హెర్ష్‌కోవిట్స్ దీనికి వేఱొక కుటుంబమునే కేటాయించెను. 1990 తరువాత వంశద్రవ్యమును పరీక్షించినవారికి వేఱొక సంగతి తెలిసినది. ఈ కోతి చిఱుకోతుల కుటుంబమునకు వెలుపలిది కాదు. టామరినులకంటెను మార్మొసెట్లకే దగ్గఱి బంధువు! పన్నునుబట్టి, కాన్పునుబట్టి వెలివేసినదానిని రక్తసంబంధము మరల ఇంటికి తెచ్చినది.

ఇక బ్రదుకుమాట. బ్రెజిలు తూర్పుతీరపు అడవులలో సింహమువలె జూలుగల టామరినులు కలవు. 1840లో లెసన్ వీనికి 'లియొంటొపిథెకస్', అనగా సింహవానరము, అను తగిన పేరే పెట్టెను. బంగారువన్నెది, బంగారుతలది, నల్లనిది అని అప్పటికి తెలిసినవి మూడు. హెర్ష్‌కోవిట్స్ ఈ మూటిని ఒకే జాతిలోని ఉపజాతులుగా నెంచెను. 1984లో రోసెన్‌బర్గరు, కోయింబ్రా ఫిల్యో అనువారు ఇవి మూడు వేఱుజాతులని వాదించిరి. 1990లో నల్లమొగముది నాలుగవదిగా బయటపడినది.

ఒకటియైన నేమి, నాలుగైన నేమి యందురా? నల్లసింహవానరము 1905 మొదలు 65 ఏండ్లు కనబడక, నశించినదనిపించుకొని, 1970లో కోయింబ్రా ఫిల్యో కంటబడినది. అది కేవలము రంగు మాఱిన బంగారుకోతి యైనచో, అది పోయినను జాతి మిగిలియున్నదని ఊఱడిల్లవచ్చును. ప్రత్యేకజాతి యైనచో, దానికి మాఱు లోకములో లేదు. దాని అడవిని దానికొఱకే కాపాడవలెను. పంజరములలో పెంచునప్పుడును ఏది దేనితో కలియవలెనో నిర్ణయించునది ఈ వర్గీకరణమే. 1970 తరువాతి తొలియేండ్లలో అడవిలో సుమారు 200 మాత్రమే మిగిలినవని అంచనాకు వచ్చిన బంగారుకోతిని జంతుశాలలలో పెంచి, 1984 మొదలు అడవికి మరల విడువసాగిరి. 2003లో దానిని అత్యంతాపాయస్థితినుండి ఒక మెట్టు దింపగలిగిరి.

ఈ పట్టికలు నేటికిని ముగియలేదు. 2016లో టామరినులలో కొన్నింటిని వేఱొక ప్రజాతిగా విడదీసిరి. 2018లో అతిచిన్న మార్మొసెట్టు ఒకటి కాదు, రెండు జాతులని నిర్ణయించిరి. ఇట్లు మాఱుచుండుటను చూచి శాస్త్రమునకు నిలుకడ లేదనుట తగదని నా యభిప్రాయము. భూమిని మరల కొలిచి లెక్క సరిచేసినచో భూమి మాఱినదనము. గట్టు ఎచ్చటనున్నదో తెలిసినగాని ఎవరి పొలము కోతపడుచున్నదో తెలియదు. అట్లే, ఎన్ని జాతులున్నవో తెలిసినగాని ఎన్ని పోవుచున్నవో మనకు తెలియదు.