అబద్ధ బోధకులను గుర్తించడం ఎలా? సంఘం వేయవలసిన ఏడు ప్రశ్నలు



కొంతకాలంగా మాకు వస్తున్న ఫోన్లలో, ఉత్తరాలలో ఒకే ప్రశ్న ఎక్కువగా వినబడుతోంది. "అయ్యగారూ, ఫలానా బోధకుని మాటలు టీవీలో రోజూ వింటున్నాం, బాగున్నాయి. ఆయన చెప్పేది వాక్యానుసారమేనా?" సికింద్రాబాదులో ఏ కూడలిలో నిలబడినా ఒక స్వస్థత కూటం ఫ్లెక్సీ, దాని కింద కానుకలకు ఒక క్యూఆర్ కోడ్ కనబడుతున్న రోజులివి. ఈ ప్రశ్న అడుగుతున్నందుకు మేము సంతోషిస్తున్నాం. అడగని సంఘమే ప్రమాదంలో ఉంటుంది.

మేము ఎరిగిన ఒక తల్లి ఉన్నారు. చాలా ఏళ్లుగా షుగరు వ్యాధి. ఒక కూటంలో "మందు వేసుకోవడం అవిశ్వాసం" అని విని ఇన్సులిన్ మానేశారు. కొన్ని వారాలకే కాలికి పుండు ముదిరి ఆసుపత్రిలో చేరారు. ప్రాణం దక్కింది, పాదం దక్కలేదు. మేము చూడటానికి వెళ్లినప్పుడు ఆమె ఆ బోధకుణ్ణి నిందించలేదు. "అయ్యగారూ, నేను మంచాన పడిన మూడు నెలల్లో మన గుడి నుంచి ఒక్కరూ రాలేదు. వాళ్లు మాత్రం వారం వారం వచ్చి ప్రార్థన చేశారు" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కాబట్టి ఈ వ్యాసం ఇతరులను వేలెత్తి చూపడానికి కాదు. గొఱ్ఱెలు ఎందుకు చెదిరిపోతున్నాయో కాపరులమైన మేము కూడా ఆలోచించడానికి.

పొరపాటు వేరు, అబద్ధ బోధ వేరు

తప్పు చెప్పిన ప్రతివాడూ అబద్ధ బోధకుడు కాడు. అపొల్లో లేఖనములయందు ప్రవీణుడే గాని, అతనికి యోహాను బాప్తిస్మము మాత్రమే తెలుసు. అకుల ప్రిస్కిల్లలు అతనిని చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు (అపొ. కా. 18:24-26). అతడు విన్నాడు, దిద్దుకున్నాడు. పేతురు అంతటివాడు కూడా అంతియొకయలో తప్పటడుగు వేస్తే పౌలు అందరి ఎదుట గద్దించవలసి వచ్చింది (గలతీ 2:11-14). దిద్దినప్పుడు వినేవాడు సహోదరుడు. దిద్దినవారినే శపించి, తన మాటే దేవుని మాట అని పట్టుబట్టి, మందను తనవైపు ఈడ్చుకొనేవాని విషయంలో పౌలు ఎఫెసు పెద్దలను ముందే హెచ్చరించాడు (అపొ. కా. 20:29-31). అలాంటివారు బయటినుండే కాదు, పెద్దలలోనుండే లేస్తారని ఆయన చెప్పిన సంగతి మరువరాదు.

ఇది కొత్త సమస్యా కాదు. ఆదిమ సంఘపు రచన ఒకటి, "పన్నిద్దరు అపొస్తలుల ఉపదేశము" అనే పేరుగలది, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికి 1883లో అచ్చయింది. ఊరూరా తిరిగే బోధకుల విషయంలో అది సంఘానికిచ్చిన సలహా చాలా సూటిగా ఉంటుంది. అతిథిగా వచ్చినవాడు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. మూడో రోజు కూడా పని చేయకుండా కూర్చుంటే అనుమానించండి. ఆత్మ ప్రేరణ పేరు చెప్పి తనకోసం డబ్బు అడిగితే అతడు అబద్ధ ప్రవక్త. బీదలకోసం అడిగితే తీర్పు తీర్చవద్దు. పంతొమ్మిది వందల సంవత్సరాల క్రిందటి ఈ కొలతబద్ద ఈనాటి మన ఫ్లెక్సీలకు కూడా సరిపోతుంది.

ఇప్పుడు ఏడు ప్రశ్నలు.

1. యేసుక్రీస్తును గూర్చి ఏమి చెబుతున్నాడు?

ఇది మొదటి ప్రశ్న (1 యోహాను 4:1-3). 325లో నైకయ సభ ఏరియసు బోధను తిరస్కరించడానికి కారణం ఇదే. కుమారుడు సృష్టించబడినవాడని ఏరియసు బోధించాడు. అదే బోధ నేడు "కావలికోట" పత్రికతో మన తలుపు తడుతోంది. యేసు దేవుని మొదటి సృష్టి అని, ఆయనే ప్రధానదూతయైన మిఖాయేలు అని యెహోవాసాక్షులు బోధిస్తారు. యోహాను 1:1ని తమ అనువాదంలో వాక్యము "ఒక దేవుడు" అనే భావం వచ్చేలా మార్చుకున్నారు. వారు మర్యాదగల పొరుగువారు, వారిని అవమానించవద్దు. కాని సృష్టించబడిన రక్షకుడు మనలను దేవునితో సమాధానపరచలేడు. ఇక్కడ రాజీ లేదు.

2. బైబిలుకు మరొక అధికారాన్ని జతచేస్తున్నాడా?

విలియం బ్రన్హాం (1909-1965) అమెరికాలో స్వస్థత కూటాలకు పేరుపొందిన ప్రసంగికుడు. 1954లో బొంబాయికి కూడా వచ్చారు. ఆయన ప్రసంగాలు తెలుగులోకి అనువదించబడి మన ప్రాంతాలలో చేతులు మారుతున్నాయి. ప్రకటన గ్రంథంలోని లవొదికయ సంఘకాలానికి ఆయనే దూత అని అనుచరులు నమ్ముతారు. ఆయన ప్రసంగాలనే "మెసేజ్" అని పిలుచుకొని, వాటి వెలుగులోనే బైబిలును చదువుతారు. హవ్వ సర్పంతో కలిసినందున కయీను పుట్టాడనే బోధ ఆయనదే. ఆదికాండము 4:1 తెరిచి చూడండి. కయీను తండ్రి ఆదామే అని అక్కడ స్పష్టంగా ఉంది. ఆశ్చర్యకార్యాలు చేసినవాని బోధను కూడా వాక్యంతో పోల్చి చూడాలని ద్వితీయోపదేశకాండము 13:1-3 చెబుతోంది. బెరయవారు పౌలు మాటను కూడా లేఖనాలతో పరిశీలించారు (అపొ. కా. 17:11).

3. తేదీలు చెబుతున్నాడా?

ఆ దినమును గూర్చి తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు (మత్తయి 24:36). 1975తో మానవ చరిత్రకు 6000 సంవత్సరాలు నిండుతాయని కావలికోట ప్రచురణలు లెక్కకట్టాయి. ఎందరో సాక్షులు ఆ ఏటికోసం ఎదురుచూశారు. 1977 నాటికి లోక వ్యవస్థలు ముగియవచ్చని బ్రన్హాం అన్నారు. అది ప్రవచనం కాదు, తన అంచనా అని ఆయన చెప్పినా అనుచరులు ఆశపెట్టుకున్నారు. హెరాల్డ్ కాంపింగ్ 2011 మే 21 అన్నారు, తరువాత అక్టోబరు 21 అన్నారు. ఏదీ జరగలేదు. అయితే 2012 మార్చిలో కాంపింగ్, తేదీ నిర్ణయించబూనడం పాపమని బహిరంగంగా ఒప్పుకున్నారు. వృద్ధాప్యంలో ఆయన చేసిన ఆ ఒప్పుకోలు మనకు పాఠం. నెరవేరని ప్రవచనం విషయంలో ద్వితీయోపదేశకాండము 18:21-22 ఇచ్చే పరీక్ష ఈనాటికీ చెల్లుతుంది.

4. డబ్బు విషయంలో ఎలా నడుస్తున్నాడు?

నయమాను తెచ్చిన కానుకను ఎలీషా ముట్టలేదు. గేహజీ వెనుక పరుగెత్తి పుచ్చుకున్నాడు (2 రాజులు 5). "ఇంత విత్తితే అంత దీవెన" అని రేటు చెప్పేవాడు గేహజీ వారసుడు. పౌలు యెరూషలేము బీదలకు చందా తీసుకువెళ్ళేటప్పుడు ఒంటరిగా పట్టుకుపోలేదు. సంఘాలు ఎన్నుకొన్న మనుష్యులను వెంట తీసుకువెళ్ళాడు (2 కొరింథీ 8:18-21). మన హైదరాబాదులోనే హెబ్రోనులో ఉండి పరిచర్య చేసి 2000లో ప్రభువునందు నిద్రించిన బక్త్ సింగ్ గారు డబ్బుకోసం మనుష్యులను అడగకుండా దేవునికే చెప్పుకొనేవారు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు క్రైస్తవ దాతృత్వం గూర్చి పుస్తకమే రాశారు, బీద సంఘాలకు కూడా ఇవ్వడం నేర్పారు. ఒకరు అడగలేదు, ఒకరు ఇవ్వమని బోధించారు. ఇద్దరూ తమ ఇల్లు నింపుకోలేదు. కాబట్టి కానుక అడగడమే తప్పు కాదు. లెక్క చూపకపోవడం తప్పు.

రోమా సంఘం 144లో మార్కియోనును వెలివేసినప్పుడు, అతడు ఇచ్చిన రెండు లక్షల సెస్టర్సుల కానుకను కూడా తిరిగి ఇచ్చివేసింది. తప్పుడు బోధకుని డబ్బును ఉంచుకొని అతని బోధను మాత్రం కాదనడం కష్టమని ఆ సంఘానికి తెలుసు.

5. స్వస్థత పేరిట మందులు మానమంటున్నాడా?

దేవుడు స్వస్థపరుస్తాడని మేము నమ్ముతున్నాం. రోగికొరకు పెద్దలు ప్రార్థించాలని యాకోబు 5:14 చెబుతోంది. కాని పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు (కొలొస్సయి 4:14). తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పింది ఒక మందే (1 తిమోతి 5:23). త్రోఫిమును రోగియైయుండగా మిలేతులో విడిచి వచ్చానని కూడా ఆయన దాచకుండా రాశాడు (2 తిమోతి 4:20). త్రోఫిముకు విశ్వాసం చాలలేదని పౌలు అనలేదు. స్వస్థత కలగకపోతే రోగినే నిందించే బోధకుడు రోగికి రెండవ గాయం చేస్తాడు.

దేశ చట్టం కూడా ఇక్కడ ఉంది. మధుమేహం, క్యాన్సర్, మూర్ఛ, పక్షవాతం వంటి వ్యాధులను మంత్రాలతో, తాయెత్తులతో, మహిమగల వస్తువులతో నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. నూనె సీసాకు, చేతిరుమాలుకు అలాంటి ప్రకటన చేసేవారిని చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

6. ఎవరికి జవాబు చెప్పుకొంటాడు?

దియొత్రెఫే ప్రధానత్వం కోరాడు, సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకొనేవారిని వెలివేశాడు (3 యోహాను 9-10). నేటి గుర్తులూ అవే. "అభిషిక్తుని ముట్టవద్దు" అని నోరు మూయించడం, ఇతర సంఘాలకు వెళ్లనివ్వకపోవడం, కుటుంబాన్ని విడదీయడం. దీని అంతం ఎక్కడికి పోతుందో లోకం రెండుసార్లు చూసింది. 1978 నవంబరు 18న గయానాలో జిమ్ జోన్స్ మాట విని 900 మందికి పైగా చనిపోయారు, వారిలో పసిపిల్లలు అనేకులు. 2023లో కెన్యాలోని షాకహోలా అడవిలో, యేసును కలుసుకోవడానికి ఉపవాసంతో చనిపొమ్మని బోధించిన ఒకని అనుచరుల మృతదేహాలు 400కు పైగా బయటపడ్డాయి. ఆ రెండు చోట్లా మొదటి రోజున ఎవరూ విషం చేతికివ్వలేదు. "నన్ను ప్రశ్నించవద్దు" అన్న మాటతో మొదలైంది.

స్వతంత్ర సంఘాలన్నీ ఇలాంటివని మేము అనడం లేదు. వాటిలో నమ్మకమైన సేవకులు ఎందరో ఉన్నారు. సినడు, డయోసిస్, పాస్టరేట్ కమిటీ ఉన్న సంఘాలలో కూడా జీతగాండ్రు ఉన్నారు. పేరు కాదు, జవాబుదారీతనం చూడండి.

7. ఇంటిలో ఎలా ఉన్నాడు?

ఫలములను బట్టి చెట్టును గుర్తించమన్నాడు ప్రభువు (మత్తయి 7:15-20). వేదిక మీద కనబడేవి వరాలు, ఫలము ఇంటిలో కనబడుతుంది. భార్యాపిల్లలతో, పనిమనిషితో, స్త్రీలతో, తనకు ఉపయోగపడని బీదవానితో అతడు ఎలా ప్రవర్తిస్తాడో విచారించండి. ఒంటరిగా ప్రార్థనకు రమ్మని ఆడపిల్లలను పిలిచేవాని దగ్గరకు పంపవద్దు. నేరం జరిగితే అది సంఘంలో సర్దుకొనే విషయం కాదు, పోలీసులకు చెప్పవలసిన విషయం.

సంఘం ఏమి చేయాలి?

మొదట, అతని మాటను ముక్కలుగా కాదు, పూర్తిగా వినండి. వాట్సాప్‌లో వచ్చిన అర నిమిషం వీడియోతో ఎవరినీ తీర్పు తీర్చవద్దు. రెండవది, ఒకరిద్దరు పెద్దలతో కలిసి అతనినే సౌమ్యంగా అడగండి. జవాబు ఎలా ఇస్తాడన్నదే సగం తీర్పు. మూడవది, వినకపోతే సంఘానికి స్పష్టంగా చెప్పండి. అతని కూటాలకు మీ గుడిని, మీ మైకును, మీ కానుకను ఇవ్వవద్దు. నాల్గవది, అతనివెంట వెళ్లినవారిని ద్వేషించవద్దు. తలుపు తెరిచే ఉంచండి.

బలవంతం మాత్రం మన మార్గం కాదు. కేరళలో జాతీయగీతం పాడనందుకు బడినుండి పంపివేయబడిన యెహోవాసాక్షుల పిల్లల పక్షాన 1986లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ స్వేచ్ఛే మన ఆదివారపు ఆరాధనను కూడా కాపాడుతోంది. బోధను వాక్యంతో ఎదుర్కొందాం, మనుష్యులను గౌరవిద్దాం.

అన్నిటికంటె ముఖ్యం, బోధించండి. చదువురాని గ్రామ విశ్వాసులకు విశ్వాస ప్రమాణాన్ని, ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను కంఠస్థం చేయించడం అజరయ్య గారి కాలంలో దోర్నకల్ సంఘాల పద్ధతి. నేడు మన యౌవనస్థులలో ఎంతమంది విశ్వాస ప్రమాణానికి అర్థం చెప్పగలరు? అసలు నోటు బాగా తెలిసినవాని చేతికి దొంగనోటు వస్తే వేళ్లకే తెలిసిపోతుంది.

చివరిగా మా ఒప్పుకోలు. ఈ పత్రికలో కూడా కొన్ని కూటాల ప్రకటనలను ఏమీ విచారించకుండా, డబ్బు వచ్చిందని వేశాము. అది మా తప్పు. ఇకమీదట స్వస్థతకు హామీ ఇచ్చే ఏ ప్రకటననూ ప్రచురించము. మా సోదర కాపరులకు ఒక మనవి. ఈ వారం మీ సంఘంలో మంచానపడి ఉన్నవారి జాబితా రాసుకోండి, ఆదివారం లోగా వారి ఇంటికి వెళ్లండి. తోడేలు వచ్చేది కాపరి లేని వాకిలికే.

గొఱ్ఱెల గొప్ప కాపరియైన ప్రభువు మన సంఘాలను సత్యమందు స్థిరపరచును గాక. ఆమేన్.