బడి గోడకి అటూ ఇటూ

ఆన్‌లైన్ చదువు ఎప్పుడు పుట్టిందని ఎవర్నడిగినా 2020 మార్చి అంటారు. అంతకుముందు నాలుగు గోడలు, నల్లబల్ల, టీచరు. ఆ తర్వాత తెర. ఇక అక్కణ్ణుంచి వాదన మొదలు: ఏది మంచిది, ఏది చెడ్డది? నాకు ఈ కథ మీదే అనుమానం. గోడల్లేకుండా చదువు చెప్పాలన్న ప్రయత్నం మన దగ్గరే యాభై ఏళ్ళ నుంచి జరుగుతోంది. మనం ‘సంప్రదాయ తరగతి గది’ అని ముద్దుగా పిలుచుకునేది కూడా మన సంప్రదాయం ఏమీ కాదు.

ఒకే వయసు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, అందరికీ ఒకేసారి ఒకే పాఠం చెప్పి, గంట కొట్టగానే ఇంకో పాఠానికి మారడం ఇంగ్లీషు వాళ్ళ పాలనలో స్థిరపడిన పద్ధతి. అంతకు ముందున్నది వీధిబడి. ఎవరి అరుగు మీదో, గుడి మండపంలోనో, చెట్టు కిందో పంతులుగారు కూర్చుంటారు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవాడు, ఎక్కాలు వల్లించేవాడు, తాటాకు మీద గంటంతో రాసేవాడు అందరూ అక్కడే. పెద్దవాడు చిన్నవాడికి చెప్తాడు, పంతులు పెద్దవాడి సంగతి చూస్తాడు. ఎవరి పాఠం వాళ్ళది, ఎవరి వేగం వాళ్ళది. ఇప్పటి యాప్‌ల ప్రకటనల్లో ‘మీ వేగంలో మీరు నేర్చుకోండి’ అని కనిపించినప్పుడల్లా నాకు ఈ అరుగే గుర్తొస్తుంది.

ఈ పద్ధతిని గమనించిన ఆండ్రూ బెల్ అనే స్కాటిష్ మతగురువు కథ చాలామందికి తెలిసిందే. ఆయన 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం బాధ్యత చూశాడు. దగ్గర్లోని ఒక దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బడిలో కూడా పెట్టాడు. పిల్లల చేతే పిల్లలకి చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరు పడింది. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పే ఉపాయంగా వాళ్ళకి నచ్చింది. గమనించండి, చదువులో ఏ కొత్త పద్ధతి వచ్చినా దాన్ని మెచ్చుకునేవాళ్ళ మొదటి మాట ఖర్చు గురించే. ఇది రెండు వందల ఏళ్ళ నాటి అలవాటు.

అయితే వీధిబడి మీద మోజు పెంచుకునే ముందు ఒక నివేదిక చూడాలి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడుల లెక్కలు తీయమన్నాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం కూడా ఉంది. ఆయన లెక్క ప్రకారం జిల్లా జనం 9,27,857. బడులు 533. చదువుకునే పిల్లలు 6,641. అంటే వెయ్యిమంది జనానికి బళ్ళో ఉన్న పిల్లలు సుమారు ఏడుగురే. అందులో ఆడపిల్లలు 60 మంది.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబే అన్నాడు. అదే నివేదికలో, పిల్లలు బోలెడు పద్యాలు గడగడా అప్పచెప్తారు గానీ వాటి అర్థం చిలకకి తెలిసినంతే తెలుసని కూడా రాశాడు. ఒకప్పుడు బడులున్న ఊళ్ళలో ఇప్పుడు లేవనీ, ఇంగ్లండు బట్టల వల్ల నేతపనివాళ్ళు చితికిపోవడం లాంటి కారణాలతో జనం పేదవాళ్ళయిపోయారనీ, పిల్లలకి చదువు చెప్పించే స్తోమత పోయిందనీ ఒప్పుకున్నాడు. ఒక కంపెనీ ఉద్యోగి అంత మాట రాయడం చిన్న విషయం కాదు.

ఈ నివేదికలన్నీ కలిపి ధరంపాల్ 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. అప్పట్నుంచి వీటిని ఎవరికి కావలసినట్టు వాళ్ళు చదువుకుంటున్నారు. ఇంగ్లీషువాళ్ళు రాకముందే మనకి ఊరూరా బడి ఉండేదని కొందరు, ఆ బడిలో ఎవరున్నారో చూడమని కొందరు. రెండూ అందులో ఉన్నాయి. తమిళ జిల్లాలతో పోలిస్తే తెలుగు జిల్లాల బడుల్లో బ్రాహ్మణ, వైశ్య పిల్లల పాలు చాలా ఎక్కువ. మాల మాదిగ పిల్లలకి ఆ అరుగు ఎక్కే దారే లేదు. గోడ లేని బడికి కూడా కంటికి కనపడని గోడ ఉంటుంది.

తర్వాత వచ్చిన సర్కారు బడి, మిషనరీ బడి ఇటుకలతో గోడ కట్టాయి. కట్టి, విచిత్రంగా, ఆ కనపడని గోడకి కొంత గండి కొట్టాయి. హాజరు పట్టీలో పేరుంటే లోపలికి రానివ్వాలి. రానిచ్చాక ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరి గ్లాసుతో నీళ్ళు తాగనిచ్చారు అన్నది వేరే బాధల చరిత్ర. కానీ గది ఉండబట్టే ఆ గదిలో చోటు కోసం పోట్లాడడం కుదిరింది. గది గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదని నా ఉద్దేశం.

ఇప్పుడు తెర సంగతి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఏడాది, అమెరికా నాసా దగ్గర్నుంచి ఎరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో మన దేశం ఒక ప్రయోగం చేసింది. పేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తీగ వలతో చేసిన పదడుగుల యాంటెన్నా, ఊరందరికీ కలిపి ఒక టీవీ. పొద్దున బడి పిల్లలకి నాలుగు భాషల్లో, ఒక్కో భాషకీ సుమారు 22 నిమిషాల పాఠం. సాయంత్రం పెద్దవాళ్ళకి వ్యవసాయం, ఆరోగ్యం. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబరులో. అంటే రాజధానికి సొంత టీవీ కేంద్రం ప్రసారాలు రాకముందే కొన్ని తెలుగు పల్లెల పిల్లలు ఆకాశం నుంచి తెలుగులో పాఠం విన్నారు!

ఆ టీవీని చాలాచోట్ల పెట్టింది ఎక్కడనుకున్నారు? బళ్ళోనే. టీవీ పాఠం అయ్యాక దాన్ని అందుకుని వివరించాల్సింది బడిపంతులే. అందుకని అదే ఉపగ్రహం ద్వారా వేలమంది టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. ఏడాది తిరగ్గానే ఉపగ్రహాన్ని ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. తెర వెళ్ళిపోయింది. బడీ, పంతులూ మిగిలారు. ఎరువు తెచ్చుకున్న తెర మీద చదువుని నిలబెడితే ఏమవుతుందో మనకి అప్పుడే తెలియాలి. ఈ రోజుల్లో మూతపడ్డ చదువుల యాప్‌లు చూస్తుంటే, తెలియలేదనే అనిపిస్తుంది.

ఇక 1982. ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే పిలిచారు. పోస్టులో పాఠాలు పంపే కరస్పాండెన్స్ కోర్సులు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1962 నుంచే ఉన్నాయి. కొత్తదేమిటంటే తలుపు. ఇంటర్ పాస్ కాకపోయినా, ప్రవేశ పరీక్ష రాసి గట్టెక్కితే డిగ్రీలో చేరే వీలుండేది.

మా పెద్దమ్మ ఆ తలుపులోంచే వెళ్ళింది. తొమ్మిదో తరగతిలో పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఇంటెడు చాకిరీ. పోస్టులో వచ్చిన పుస్తకాలు బియ్యం డబ్బా మీద పెట్టుకుని, అన్నం ఉడికేలోపు చదివేదట. రేడియో పాఠం వచ్చే వేళకి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఇదంతా గొప్పగా చెప్పేది. కానీ కళ్ళు మెరిసేది మాత్రం ఆదివారాల గురించి చెప్పేటప్పుడు. ఆదివారం స్టడీ సెంటర్‌లో క్లాసు. ఏడు గంటల బస్సు. అక్కడ ఒక కండక్టరు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, కోర్టులో పనిచేసే బంట్రోతు, ఈవిడ. “పుస్తకంలో ఉన్నదే సార్ చెప్పేవాడే. కానీ నాకు అర్థం కానిది ఆ కండక్టరుకీ అర్థం కాలేదని అక్కడే తెలిసింది,” అనేది.

తరగతి గది గురించి ఇంతకంటే మంచి నిర్వచనం నేను చదవలేదు. నీకొక్కడికే రావట్లేదేమో అన్న భయం పోగొట్టే చోటు అది. పాఠం పోస్టులో వస్తుంది, రేడియోలో వస్తుంది, ఇప్పుడు ఫోన్‌లో వస్తుంది. పక్కవాడు రాడు. సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినవాళ్ళకి ఇది తెలుసు. అందుకే గోడలు తీసేసినా ఆదివారాలకి ఒక గది అద్దెకి తెచ్చుకున్నారు.

పెద్దమ్మ బి.ఏ. పాసయ్యాక చుట్టాల్లో ఒకాయన, “ఓపెన్‌లోనా?” అన్నాడట. ఆ ‘లోనా’ ఇంకా పోలేదు. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. విచిత్రమేమిటంటే, గ్రూప్స్ పరీక్షలకి చదివేవాళ్ళ గదుల్లో తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలే కనపడతాయి. పుస్తకానికున్న గౌరవం పట్టాకి లేదు.

ఇంత చరిత్ర చెప్పాక 2020కి వస్తాను. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. మిగతా చోట్లా ఏదో రూపంలో తెరే దిక్కయింది. బడులు మూసేసిన పరిస్థితుల్లో అంతకన్నా చేయగలిగింది తక్కువే, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తలకిందులు చూడండి. 1982లో దూరవిద్య గది బయట ఉన్నవాళ్ళని లోపలికి తెచ్చింది. 2020లో అదే దూరవిద్య లోపల ఉన్నవాళ్ళలో కొందరిని బయటికి పంపింది. 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న ఇళ్ళు పట్టణాల్లో 42 శాతం, పల్లెల్లో 14.9 శాతం. కంప్యూటరున్న పల్లె ఇళ్ళు 4.4 శాతం. ఇంటికి ఒక ఫోను ఉంటే అది నాన్నతో పాటు పనికి పోతుంది. మిగిలితే అన్న చేతికి వెళ్తుంది, చెల్లి చేతికి రాదు. బడితో పాటు మధ్యాహ్నం అన్నం కూడా ఆగింది. వండి పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పాక గానీ దేశమంతా కదలని అన్నం అది. దాన్ని ఏ యాప్‌లోనూ పెట్టలేం.

అలాగని తెరని తిట్టిపోయడం నా వల్ల కాదు. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటెల్ పేరుతో ఉచితంగా దొరుకుతున్నాయి. కాలేజీలో లెక్చరరే లేని సబ్జెక్టుని ఎక్కడో చిన్న ఊళ్ళో ఒకమ్మాయి వాటితో నేర్చుకుంటుంది. అర్థం కాని చోట ఆపి, వెనక్కి తిప్పి, పదిసార్లు వింటుంది. క్లాసులో ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే ఏమవుతుందో మనందరికీ అనుభవమే. వీధిబడి కోదండాలూ తొడపాశాలూ, ఆ తర్వాతి బడుల బెత్తాలూ తెరలో లేవు. కులం అడిగే బెంచీ లేదు. ఇవి చిన్న లాభాలు కావు.

అందుకే ‘ఆన్‌లైనా, క్లాసురూమా’ అన్న ప్రశ్న నాకు పెద్దగా ఉపయోగపడదు. దాని బదులు, ఎప్పుడు ఏ కొత్త పద్ధతి గురించి విన్నా, మూడు విషయాలు అడుగుతాను. దీనితో ఎవరు కొత్తగా లోపలికి వస్తున్నారు? ఎవరు చప్పుడు లేకుండా బయటికి పోతున్నారు? అర్థం కానప్పుడు పక్కన ఎవరుంటారు?

ఇప్పుడు ఈ ప్రశ్నలకి తొందర ఉంది. పిల్లలు తక్కువున్నారని ఊరి బడిని పక్క ఊరి బడిలో కలిపేయాలన్న మాట ప్రతి ప్రభుత్వం హయాంలోనూ వస్తుంది. ‘డిజిటల్ తరగతులు ఉన్నాయిగా’ అనడం ఇప్పుడు తేలిక. రెండు కిలోమీటర్ల దూరంలోని బడికి మగపిల్లాణ్ణి సైకిలిచ్చి పంపుతారు. ఆడపిల్లని మానిపిస్తారు. క్యాంప్‌బెల్ ఆ అరవై మందిని విడిగా లెక్కపెట్టి రాశాడు కాబట్టి రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా మనకి తెలిసింది. తెర ముందు నుంచి లేచి వెళ్ళిపోయిన పిల్లల పేర్లు ఎవరి పట్టీలోనైనా ఉన్నాయా? లాగిన్ అయినవాళ్ళ లెక్క రోజూ వస్తుంది. నాకు కావలసింది రెండో లెక్క.