లాల్‌బాగ్ గాజుశాల: పలక గాజు, పోత ఇనుము

బెంగళూరు లాల్‌బాగ్‌లోని గ్లాస్ హౌస్‌కు 1889 నవంబరు 30న విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేయగా, ఆయన పేరిటే దానిని తొలుత ఆల్బర్ట్ విక్టర్ కన్సర్వేటరీ అని, అంటే సున్నితమైన మొక్కలను గాజు కప్పు కింద కాపాడే శాల అని పిలిచారు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఆ తోటకు శంకుస్థాపన నాటి పర్యవేక్షకుడు జాన్ కామెరాన్.

గాజు దక్షిణాదికి కొత్త పదార్థమేమీ కాదు. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందటే కరిగిన గాజును సన్నని గొట్టాలుగా సాగదీసి, ముక్కలుగా కోసి పూసలు తయారుచేసేవారు. తిరుపతి ప్రాంతపు పాపానాయుడుపేటలో ఆ విద్య ఇరవయ్యో శతాబ్దం దాకా బతికే ఉంది. అయితే పూసలు తీసే ఆ నేర్పు ఇంటి కప్పుకు కావలసిన వెడల్పాటి పలకల తయారీకి దారితీయలేదు. పలకల కోసం ఇంగ్లండులో పనివారు గాజు ముద్దను ఊది పొడవాటి స్తూపంగా సాగదీసి, రెండు కొసలూ తెగ్గోసి, నిలువునా చీల్చి, కొలిమిలో మళ్లీ మెత్తబరచి చదును చేసేవారు. గాజుపై పన్ను 1845లో రద్దు కావడంతో ధర దిగివచ్చింది. 1851 లండన్ మహాప్రదర్శన కోసం, తోటపనిలో ఆరితేరిన జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన క్రిస్టల్ ప్యాలెస్‌కు చాన్స్ బ్రదర్స్ సంస్థ దాదాపు 3 లక్షల పలకలను ఈ పద్ధతిలోనే చేసి ఇచ్చింది.

1936లో అగ్నికి ఆహుతైన ఆ భవనమే, పరిమాణంలో ఎంతో పెద్దదైనా, లాల్‌బాగ్ శాలకు నమూనా. దీని పోత ఇనుప భాగాలు, అంటే కరిగించిన ఇనుమును అచ్చుల్లో పోసి చేసినవి, గ్లాస్గోలోని వాల్టర్ మాక్‌ఫర్లేన్ వారి సారసెన్ ఫౌండ్రీ నుంచి ఓడల్లో వచ్చాయి. స్తంభాలను, కమానులను కేటలాగులో చూపి అమ్మిన ఆ ఫౌండ్రీ వల్ల, శిల్పి చెక్కే పనికి బదులు ముందే కొలతలకు చేసిన భాగాలను బిగించే పని వచ్చింది. ఈ శాలను సామ్రాజ్య ఆడంబరమని తీసిపారేయడం తేలికే గాని, ఈ నిర్మాణ పద్ధతిలోని కొత్తదనాన్ని ఆ మాట కప్పివేస్తుంది.

చలిదేశాల్లో గాజు కప్పు ఎండ వేడిని లోపల నిలుపుతుంది. సమశీతోష్ణమైన బెంగళూరుకు ఆ అవసరం అంతగా లేనందున, శాల క్రమంగా పుష్ప ప్రదర్శనలకు వేదికైంది. నేటికీ గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల వేళ అవి జరుగుతున్నాయి. మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్ హయాంలో, 1935లో తూర్పు భాగాన్ని పొడిగించినప్పుడు ఇనుము కోసం గ్లాస్గో వైపు చూడవలసిన పని లేకపోయింది. మైసూరు సంస్థానం సొంతంగా నెలకొల్పుకున్న భద్రావతి కర్మాగారమే దానిని సమకూర్చింది.