మార్క్వీస్ పేరు, ఎవరివో వేళ్ళు

క్యూబా చుట్టలనగానే మనకు చర్చిల్, కాస్ట్రోల ముఖాలు గుర్తుకు వస్తాయి. కొహీబా, మోంటెక్రిస్టో, రోమియో–జూలియెట్ అనే మూడు పేర్లతో మన పరిజ్ఞానం ముగుస్తుంది. వాటి నీడన ఉండిపోయిన పాత పేర్లలో రఫాయెల్ గొంజాలెస్ ఒకటి. ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో, ముఖ్యంగా ఇంగ్లండు వర్తకాన్ని ఉద్దేశించి పుట్టిన రకమిది.

ఈ పెట్టె మీద ఇంగ్లీషులో ఒక హితవు అచ్చయి ఉంటుంది. హవానా నుంచి బయలుదేరిన నెలలోపునైనా కాల్చాలి, లేదా ఏడాదిపాటు జాగ్రత్తగా మాగనిచ్చి కాల్చాలి అన్నది దాని సారాంశం. మరి మధ్యకాలం మాటేమిటి? చుట్టేటప్పుడు ఆకు విరిగిపోకుండా తడి చేస్తారు. ఆ తడికి, పూర్వం పులిసి అణగిన ఆకు మళ్ళీ పులియడం మొదలుపెడుతుంది. అమ్మోనియా వాసన పుడుతుంది. అది పుట్టకముందు కాల్చాలి, లేదా పూర్తిగా పోయేదాకా ఆగాలి. వ్యాపార ప్రకటనలా కనిపించే ఆ నాలుగు ముక్కల వెనక ఇంత రసాయనం ఉంది.

నిజానికి నిరీక్షణ పెట్టెలో మొదలయ్యేది కాదు. క్యూబా పడమటి కొసన, పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్టా అబాహో నేలలో పండిన ఆకు చుట్టకు వచ్చేలోగానే చాలా కాలం మాగుతుంది. మొక్క పైభాగాన ఎండను తాగిన ఘాటైన ఆకును లిహేరో అంటారు. దానికి కనీసం రెండేళ్ళు పడుతుంది.

ఒక మిత్రుని పుణ్యమా అని, పదేళ్ళకు పైగా మాగిన పెటీ కరోనా ఒకటి నాకు దక్కింది. పొడవు 129 మిల్లీమీటర్లు, మందం 17 మిల్లీమీటర్లకు ఇంచుక తక్కువ. గోదావరి లంక పొగాకు ఘాటుకు అలవాటు పడిన నా నాసికకు మొదట ఇది మరీ పలుచన అనిపించింది. పొగను గుండెల్లోకి దించకుండా నోట నిలిపి వదిలినప్పుడు గాని రుచి తెలియలేదు. దేవదారు పెట్టె వాసన, వేయించిన గింజల కమ్మదనం, కొసన చిన్న మిరియపు చురుకు. కాలం ఘాటును తీసివేసి, దాని వెనక దాగినవాటిని మిగిల్చిందన్నమాట.

ఇంతకూ ఈ రఫాయెల్ గొంజాలెస్ ఎవరు? ఈ మిశ్రమాన్ని ఎంచిన స్పెయిన్ ప్రభువు, మార్క్వీస్ అని పెట్టె చెబుతుంది. చుట్టల కొలతల్లో 'లాన్స్‌డేల్' అనే పేరు కూడా ఒక ఇంగ్లీషు ఎర్ల్‌గారిదే. ప్రభువుల పేర్లకు కొదవలేదు. చుట్టినవారి పేరు మాత్రం ఎక్కడా లేదు. 1985 నుంచి పెట్టె అడుగున ఏ కర్మాగారం, ఏ నెల అన్నది తెలిపే సంకేతాక్షరాలు ముద్రిస్తున్నారు. అంతవరకే.

అయితే ఆ పేరులేని చేతులవారి చరిత్ర ఏ మార్క్వీసు చరిత్రకూ తీసిపోదు. 1865లో హవానాలోని ఎల్ ఫిగారో కర్మాగారంలో, కార్మికులు పని చేస్తూండగా ఒకరు పెద్దగా పుస్తకం చదివి వినిపించే పద్ధతి మొదలైంది. చదివేవారికి (లెక్తోర్ అంటారు) జీతం యజమాని ఇవ్వలేదు, వినేవారే తమ కూలిలోంచి ఇచ్చుకున్నారు. ఏం చదవాలన్నదీ వారే తేల్చుకునేవారు. చేతులు ఆకు చుడుతూంటే చెవులు వార్తలు, నవలలు వినేవి. అక్షరం రానివారు సైతం సాహిత్యం విన్నారు. స్పెయిన్ ప్రభుత్వానికి ఇది ప్రమాదమని వెంటనే తోచింది. 1866లో నిషేధించింది.

నిషేధం నిలవలేదు. వలస వెళ్ళిన కార్మికులతో పాటు లెక్తోర్లు ఫ్లోరిడా చేరారు. 1891లో హొసే మార్తి టాంపా నగరపు చుట్టల కార్మికుల మధ్య నిలిచి స్వాతంత్ర్యం గురించి మాట్లాడాడు. వారి కూలి డబ్బు 1895 యుద్ధానికి ఊపిరి పోసింది. అదే టాంపాలో 1931లో యజమానులు లెక్తోర్లను తొలగించారు. వారి స్థానంలో రేడియో వచ్చింది. క్యూబాలో ఆ గొంతు ఆగలేదు.

కొన్నవాడు ఏడాది ఓపిక పట్టాలని పెట్టె మీద అచ్చు వేశారు. చుట్టినవాడు పట్టిన ఓపిక ఎవరూ అచ్చు వేయలేదు. అచ్చు కాకపోయినా, చదువు విందామని కూలిలోంచి నాణెం తీసి ఇచ్చిన ఆ మనుషులే నా లెక్కన ఈ చుట్టకు అసలు ప్రభువులు.